బంతి పైకి వెళ్లి ఆగిన క్షణంలో త్వరణం సున్నా ఎందుకు కాదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. అది వెళ్లగలిగినంత పైకి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, కిందికి వస్తుంది. ఆ క్షణంలో వేగం సున్నా అయినప్పుడు త్వరణం కూడా సున్నాయే అవ్వాలి కదా, మరి పుస్తకం వెనక జవాబులో 9.8 అని ఎందుకిచ్చారు? దాంతోపాటు ఇంకో ప్రశ్న: త్వరణానికి మైనస్ వచ్చిందంటే వస్తువు నెమ్మదిస్తోందని అర్థమా?

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. పై బిందువు దగ్గర వేగం సున్నా, త్వరణం మాత్రం సున్నా కాదు. బంతి చేతిని వదిలిన క్షణం నుంచి నేలను తాకబోయే ముందు క్షణం వరకు దాని త్వరణం ఒక్కటే: కిందివైపుకు, ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున. పైకి వెళ్తున్నప్పుడూ అంతే, ఆగినప్పుడూ అంతే, దిగుతున్నప్పుడూ అంతే. రెండో ప్రశ్నకు: కాదు. మైనస్ చెప్పేది దిక్కు. నెమ్మదిస్తోందో లేదో తెలియాలంటే వేగం గుర్తు కూడా చూడాలి.

ఇక కారణాలు. ఇరవై రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది సూత్రాలు బాగా వచ్చినవాళ్లే. అందుకే ఇది లెక్కల్లో వచ్చే ఇబ్బంది కాదని, మాటల దగ్గరే మొదలవుతుందని నాకు నమ్మకం కుదిరింది.

‘త్వరగా రా’ అనే మాటలోని త్వరే త్వరణంలోనూ ఉంది. దాంతో త్వరణం అనగానే మనకు జోరు గుర్తొస్తుంది. జోరే లేనప్పుడు త్వరణం ఎక్కడిది అనిపిస్తుంది. వేగం అనే మాటతోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఇంట్లో, రోడ్డు మీద మనం వేగం అన్నప్పుడు ఎంత జోరుగా పోతోందన్నదే మన ఉద్దేశం. పాఠంలో దానికి వడి అని వేరే పేరు ఉంది. వడికి దిక్కు కలిస్తేనే వేగం. ఈ తేడాను పరీక్ష కోసం ఒక మార్కు ప్రశ్నలా బట్టీ పట్టి వదిలేస్తాం. తర్వాత వచ్చే చిక్కులన్నీ అక్కడి నుంచే వస్తాయి.

కాబట్టి ఒక పని చేయండి. కొన్నాళ్లపాటు త్వరణం అనే మాట కనిపించిన ప్రతిచోటా మనసులో ‘వేగం మారుతున్న తీరు’ అని చదువుకోండి. అప్పుడు మీ ప్రశ్న ఇలా మారుతుంది: పై బిందువు దగ్గర వేగం సున్నా, మరి ఆ క్షణంలో వేగం మారుతోందా? ఇలా అడగ్గానే సగం జవాబు వచ్చేసినట్టే. అంతకుముందు పైకి ఉన్న వేగం, ఆ తర్వాత కిందికి ఉంది. మధ్యలో మారకుండా ఎలా ఉంటుంది?

దీన్ని అంకెల్లో దగ్గరగా చూద్దాం. లెక్క తేలిక కోసం 9.8 బదులు 10 తీసుకుంటాను. పైదిక్కును ప్లస్ అనుకుందాం. బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరాం. ఒక సెకను తర్వాత వేగం 10. రెండు సెకన్లకు 0. మూడు సెకన్లకు మైనస్ 10. నాలుగో సెకను పూర్తయ్యేసరికి మైనస్ 20, అంటే విసిరిన వడితోనే చేతికి తిరిగొస్తుంది. ప్రతి సెకనుకూ సరిగ్గా 10 తగ్గుతోంది. 10 నుంచి 0కి వచ్చినప్పుడూ 10 తగ్గింది, 0 నుంచి మైనస్ 10కి వెళ్లినప్పుడూ 10 తగ్గింది. ఈ వరుసలో సున్నాకు ప్రత్యేక గౌరవం ఏమీ లేదు. దారిలో వచ్చే ఒక అంకె, అంతే.

ఇంకా దగ్గరికి వెళ్దాం. 1.9 సెకన్ల దగ్గర వేగం ప్లస్ 1. 2.1 సెకన్ల దగ్గర మైనస్ 1. సెకనులో అయిదో వంతు కాలంలో వేగం 2 మారింది. 2ను 0.2తో భాగిస్తే మళ్లీ 10. ఆ 0.2ను 0.02 చేయండి, 0.002 చేయండి. 1.999 దగ్గర ప్లస్ 0.01, 2.001 దగ్గర మైనస్ 0.01. భాగిస్తే మళ్లీ అదే 10. పై బిందువుకు ఎంత దగ్గరగా పోయినా ఈ అంకె కదలదు. ఒక క్షణంలో త్వరణం అంటే అర్థం ఇదే: ఆ క్షణానికి అటూ ఇటూ వేగం ఎలా మారుతోందన్నది. కేవలం ఆ ఒక్క క్షణంలోని వేగం చూసి త్వరణం చెప్పడం సాధ్యం కాదు.

థర్మామీటర్‌తో పోల్చి చెబితే చాలామందికి తేలిగ్గా అందుతుంది. చలి పెరుగుతున్న రాత్రి గాలి ఉష్ణోగ్రత ప్లస్ 2 డిగ్రీల నుంచి మైనస్ 2 డిగ్రీలకు పడిపోతోంది. మధ్యలో సున్నా డిగ్రీలను దాటుతుంది. సున్నా చూపించిన క్షణంలో ఉష్ణోగ్రత పడిపోవడం ఆగిందని ఎవరూ అనరు. బంతి వేగం కూడా ప్లస్ నుంచి మైనస్‌కు పోతూ సున్నాను దాటింది, అంతే.

ఇప్పటికీ నమ్మకం కుదరకపోతే ఉల్టాగా ఆలోచించండి. పై బిందువు దగ్గర వేగం సున్నా అయి, త్వరణం కూడా సున్నా అయి అలాగే ఉండిపోతే ఏం జరగాలి? వేగం లేదు కాబట్టి కదలదు. వేగం మారడం లేదు కాబట్టి వచ్చే క్షణంలోనూ కదలదు. బంతి అక్కడే, గాల్లో, వేలాడుతూ ఉండిపోవాలి. అది కిందికి వస్తోందంటేనే అక్కడ త్వరణం ఉన్నట్టు. తరగతిలో ఈ మాట చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆగుతాను. పిల్లల ముఖాల్లో మార్పు కనిపించేది సరిగ్గా ఇక్కడే.

అయితే మన కళ్లు కూడా మనల్ని కొంత మోసం చేస్తాయి, అది మీ తప్పు కాదు. బంతి పైన కాసేపు ఆగినట్టే కనిపిస్తుంది. ఎందుకో పై అంకెల్లోనే ఉంది. ఈ బంతి వెళ్లే మొత్తం ఎత్తు 20 మీటర్లు. మొదటి సెకనులోనే 15 మీటర్లు ఎక్కేస్తుంది. రెండో సెకనులో ఎక్కేది 5 మీటర్లే. దిగేటప్పుడు మూడో సెకనులో ఆ 5 మీటర్లే దిగుతుంది. అంటే గాల్లో ఉన్న నాలుగు సెకన్లలో సగం కాలం, రెండు సెకన్లు, పైనున్న పావు వంతు ఎత్తులోనే గడుపుతుంది. పై బిందువుకు అటూ ఇటూ పదో వంతు సెకను చొప్పున చూస్తే కదిలేది అయిదు సెంటీమీటర్లే. కన్ను దాన్ని ఆగడం అనుకుంటుంది. నిజానికి ఆగి ఉన్న వ్యవధి అంటూ లేదు. వేగం సున్నాగా ఉండేది ఒక్క క్షణం, నిడివి లేని క్షణం.

ఇక్కడే ఇంకో సంగతి గమనించండి. వేగం సమాన దూరాలకు సమానంగా మారడం లేదు, సమాన కాలాలకు మారుతోంది. కింది 15 మీటర్లలో తగ్గింది 10, పై 5 మీటర్లలో తగ్గిందీ 10. ఈ రెంటి మధ్య గెలీలియో అంతటివాడే మొదట తడబడ్డాడు. 1604లో ఆయన రాసిన ఉత్తరంలో పడే వస్తువు వేగం దూరాన్ని బట్టి పెరుగుతుందనే ఉంది. తర్వాత దాన్ని సరిదిద్దుకున్నాడు. నేరుగా పడే వస్తువు అప్పటి సాధనాలకు అందనంత త్వరగా పడిపోతుంది కాబట్టి, వాలు పలక మీద గుండ్రటి కంచు గోళీలను దొర్లించి, సన్నగా కారే నీటిని తూచి కాలం లెక్కగట్టాడు. సమాన కాలాల్లో గోళీ దొర్లే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో వస్తాయన్నది ఆయన చెప్పిన నియమం. 1638లో అచ్చయిన పుస్తకంలో ఇదంతా వివరించాడు. మన బంతినే ఇంకా చాలా ఎత్తు నుంచి ఊరికే వదిలితే పడే దూరాలు చూడండి: మొదటి సెకనులో 5 మీటర్లు, రెండోదానిలో 15, మూడోదానిలో 25, నాలుగోదానిలో 35. అదే 1, 3, 5, 7.

యూనిట్ల గురించి ఒక్క మాట. మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ అని చదివినప్పుడు ‘సెకండ్ స్క్వేర్’ అంటే ఏమిటో ఊహించుకోబోయి చాలామంది ఇబ్బంది పడతారు. ఊహించుకోనక్కర్లేదు. అది రాతలో కుదింపు. ‘ప్రతి సెకనుకూ వేగం, సెకనుకు ఇన్ని మీటర్ల చొప్పున మారుతోంది’ అని విడదీసి చదవండి. రెండు సెకన్లు ఎందుకు వచ్చాయో తెలిసిపోతుంది. ఒకటి వేగంలోనిది, రెండోది ఆ వేగం మారడానికి పట్టిన కాలానిది.

ఇక మైనస్ సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో నా సొంత పొరపాటు ఉంది. మొదట్లో నేను పిల్లలకు ‘పైకి పోతే మైనస్, కిందికి వస్తే ప్లస్’ అని ఒక చిట్కా చెప్పేదాన్ని. గురుత్వ త్వరణానికి, అంటే భూమి లాగడం వల్ల వచ్చే ఆ 9.8కి, గుర్తు పెట్టడం దాంతో త్వరగా వచ్చేసేది, లెక్కలూ సరిపోయేవి. కానీ ఒక ఏడాది ఈ లెక్క ఇచ్చాను: 40 మీటర్ల ఎత్తున్న టవర్ మీద నుంచి రాయిని సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి విసిరితే, ఎంతసేపటికి నేలను తాకుతుంది? తరగతిలో దాదాపు ఎవరికీ రాలేదు. రాయి మొదట పైకి పోతుంది, తర్వాత కిందికి వస్తుంది. మరి ప్లస్ పెట్టాలా, మైనస్ పెట్టాలా అని పెన్నులు ఆగిపోయాయి. తప్పు వాళ్లది కాదు, నేను నేర్పిన చిట్కాదే. గుర్తు అనేది వస్తువు ఎటు పోతోందన్నదాన్ని బట్టి మారుతుందని నేనే నేర్పాను.

గుర్తు మారేది మనం ఎంచుకున్న అక్షాన్ని బట్టి. అక్షం ఒకసారి ఎంచుకున్నాక లెక్క అయ్యేదాకా దాన్ని మార్చకూడదు. పైదిక్కు ప్లస్ అనుకుంటే, త్వరణం ఆద్యంతం మైనస్ 10. తొలివేగం ప్లస్ 10. నేల టవర్ కొసకు 40 మీటర్ల కింద ఉంది కాబట్టి స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటుకు దిక్కుతో సహా ఉన్న దూరం, మైనస్ 40. సూత్రం మీకు తెలిసిందే: స్థానభ్రంశం = తొలివేగం × కాలం + సగం × త్వరణం × కాలం × కాలం. విలువలు పెడితే మైనస్ 40 = 10 × కాలం – 5 × కాలం × కాలం. సాధిస్తే కాలం 4 సెకన్లు. ఒకే సమీకరణం, పైకి కిందికి అంటూ ముక్కలు చేయనక్కర్లేదు. కావాలంటే ముక్కలుగా చేసి సరిచూసుకోండి: పైకి 1 సెకను, 5 మీటర్లు. అక్కడి నుంచి నేలకు 45 మీటర్లు, 3 సెకన్లు. మొత్తం 4.

ఆ సమీకరణానికి మైనస్ 2 అనే రెండో జవాబు కూడా వస్తుంది. దాన్ని కొట్టేయమని చెబుతాం. కానీ నాకు దాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. మనం రాయి విసరడానికి 2 సెకన్ల ముందు ఎవరైనా నేల మీద నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో రాయి విసిరి ఉంటే, అది సరిగ్గా మనం విసిరే క్షణానికి టవర్ కొసకు చేరి, సెకనుకు 10 మీటర్ల వేగంతోనే పైకి పోతుండేది. చలన సమీకరణానికి మన చెయ్యి ఎప్పుడు కదిలిందో తెలియదు, ఆ దారి మొత్తం దానికి తెలుసు. అందుకే ఆ జవాబు వచ్చింది.

మళ్లీ మీ ప్రశ్నకు వస్తే, మైనస్ త్వరణం ఉంటే నెమ్మదించడమేనా? బంతినే చూడండి. పైకి పోతున్నప్పుడు త్వరణం మైనస్ 10, వడి తగ్గుతోంది. దిగుతున్నప్పుడూ త్వరణం అదే మైనస్ 10, వడి పెరుగుతోంది. అదే మైనస్, ఫలితాలు రెండు. తేడా వేగం గుర్తులో ఉంది. వేగానికీ త్వరణానికీ ఒకే గుర్తు ఉంటే వడి పెరుగుతుంది, వేర్వేరు గుర్తులుంటే తగ్గుతుంది. కారును రివర్స్‌లో వెనక్కి తోలుతూ యాక్సిలరేటర్ నొక్కారనుకోండి. ముందుదిక్కు ప్లస్ అయితే వేగం మైనస్, త్వరణమూ మైనస్, కారు మాత్రం ఇంకా జోరందుకుంటోంది. ‘రుణ త్వరణం’ అనే మాటను కొన్ని పుస్తకాలు నెమ్మదించడానికి పేరుగా వాడతాయి. మీ పుస్తకంలో ఏ అర్థంలో వాడారో చూసుకోండి. లెక్క చేసేటప్పుడు మాత్రం గుర్తులనే నమ్మండి.

వడి మారకుండా కూడా త్వరణం ఉండొచ్చని మర్చిపోకండి. బస్సు సెకనుకు 10 మీటర్ల వడిని ఏమాత్రం మార్చకుండా 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగితే, దాని త్వరణం వడి వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చే 5. గురుత్వ త్వరణంలో సగం. స్పీడోమీటర్ ముల్లు కదలదు, మీరు మాత్రం పక్కనున్న రాడ్డు పట్టుకుంటారు. మారింది దిక్కు. వృత్తాకార చలనం పాఠం వచ్చినప్పుడు ఇది మళ్లీ చూస్తారు.

ఇప్పటిదాకా గాలి నిరోధాన్ని పక్కన పెట్టి చెప్పాను. దాన్ని లెక్కలోకి తెస్తే మీ ప్రశ్నకు జవాబు ఇంకా బలపడుతుంది. గాలి ఎప్పుడూ కదలికకు ఎదురుగా లాగుతుంది. బంతి పైకి పోతున్నప్పుడు గాలి కూడా కిందికే లాగుతుంది కాబట్టి త్వరణం 9.8 కంటే ఎక్కువ. దిగుతున్నప్పుడు గాలి పైకి నెడుతుంది కాబట్టి 9.8 కంటే తక్కువ. గాలి కదలకుండా ఉంటే, పై బిందువు దగ్గర బంతికి వేగం లేదు కాబట్టి గాలి నిరోధమూ లేదు. అంటే ప్రయాణం మొత్తంలో త్వరణం కచ్చితంగా 9.8 ఉండేది మీరు సున్నా అనుకున్న ఆ ఒక్క క్షణంలోనే.

దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ వాన చినుకు. రెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలి లేకుండా పడితే అది నేల దగ్గరకు వచ్చేసరికి సెకనుకు దాదాపు 200 మీటర్ల వేగంతో ఉండాలి. కానీ పెద్ద చినుకులు కూడా సెకనుకు 9 మీటర్ల దగ్గర స్థిరపడిపోతాయి. గాలి పైకి నెట్టే బలం చినుకు బరువుకు సమానమవుతుంది, ఇక వేగం మారదు. అక్కడ వేగం ఉంది, త్వరణం సున్నా. బంతి పై బిందువు దగ్గర వేగం సున్నా, త్వరణం ఉంది. ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుంటే వేగం, త్వరణం దేని దారి దానిదేనని కళ్లకు కడుతుంది.

ఒక హెచ్చరిక. ఇది చదివాక ఫోన్‌లో త్వరణం కొలిచే యాప్ పెట్టుకుని పరీక్షించాలని మీకు అనిపించవచ్చు. మూడేళ్ల కిందట నా దగ్గర ఒక అమ్మాయి అదే చేసింది. పరుపు మీద ఫోన్ ఎగరేసి పట్టుకుని, ‘మేడమ్, పైన సున్నా చూపిస్తోంది, మీరు చెప్పింది తప్పు’ అని రికార్డయిన గ్రాఫ్ తెచ్చి చూపించింది. నాకు చాలా సంతోషమేసింది. ఇద్దరం కూర్చుని చూశాం. పై బిందువు దగ్గరే కాదు, చేతిని వదిలిన దగ్గర్నుంచి పట్టుకునేదాకా అంతటా దాదాపు సున్నాయే ఉంది. పైగా బల్ల మీద కదలకుండా పెడితే 9.8 చూపిస్తోంది. ఫోన్ లోపలి సెన్సర్‌లో స్ప్రింగుల లాంటి సన్నటి ఆధారాల మీద నిలిచిన చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది. ఫోన్‌తో పోలిస్తే ఆ ముక్క ఎంత జరిగిందన్నదే అది కొలుస్తుంది. బల్ల మీద ఉన్నప్పుడు ముక్క బరువుకు ఆధారాలు వంగుతాయి, 9.8 వస్తుంది. గాల్లో ఉన్నప్పుడు ఫోను, ముక్క రెండూ ఒకే త్వరణంతో పడుతున్నాయి కాబట్టి ఒకదాన్ని ఒకటి నెట్టుకోవు, సున్నా వస్తుంది. నేలతో పోల్చి మనం మాట్లాడే త్వరణం వేరు, ఆ సెన్సర్ అంకె వేరు. అంతటా ఒకే అంకె రావడం మాత్రం మనకు సాక్ష్యమే: పై బిందువు దగ్గర కొత్తగా ఏమీ జరగలేదు.

చివరిగా, చేతితో గీయాల్సిన రెండు గ్రాఫులు. ఒక కాగితం మీద పైన ఎత్తు–కాలం గ్రాఫ్, సరిగ్గా దాని కింద వేగం–కాలం గ్రాఫ్ గీయండి, నేను పైన ఇచ్చిన అంకెలతోనే. ఎత్తుకు 0, 15, 20, 15, 0. వేగానికి 20, 10, 0, మైనస్ 10, మైనస్ 20. పై గ్రాఫ్ 2 సెకన్ల దగ్గర చదునుగా కనిపిస్తుంది. చాలామంది అక్కడి వాలు సున్నా అని చూసి త్వరణం సున్నా అనేస్తారు. ఆ గ్రాఫ్ వాలు చెప్పేది వేగాన్ని మాత్రమే. త్వరణం కావాలంటే కింది గ్రాఫ్ వాలు చూడాలి. అది 2 సెకన్ల దగ్గర అక్షాన్ని దాటుతుంది కానీ ఎక్కడా వంగదు, ఒకే తిన్నటి గీత.

గీశాక ఈ లెక్క ప్రయత్నించి జవాబు ఇక్కడే కింద రాయండి, చూసి చెబుతాను. నున్నటి వాలు పలక మీద గోళీని కింది నుంచి పైకి దొర్లించారు. అది సెకనుకు 6 మీటర్ల వేగంతో బయల్దేరి, 3 సెకన్లకు ఆగి, వెనక్కి దొర్లింది. వాలు వెంట పైదిక్కు ప్లస్. 1వ సెకను, 3వ సెకను, 5వ సెకను దగ్గర వేగం ఎంత, త్వరణం ఎంత, ఏ గుర్తుతో? ఆరు అంకెలు రావాలి. అందులో మూడు ఒకటే అయితే మీకు విషయం అందినట్టే.